కిటుకంతా వరసలోనే

ఇంటర్ చదివే పిల్లల్ని ఎవర్నడిగినా కెమిస్ట్రీని మూడు ముక్కల్లో తేల్చేస్తారు: ఫిజికల్ అంటే లెక్కలు, ఆర్గానిక్ అంటే మెకానిజాలు, ఇనార్గానిక్ అంటే బట్టీ. మూడో ముక్క దగ్గర వాళ్ల మొహం చూస్తే ఆ బట్టీ ఎంత భారమో తెలుస్తుంది. ఏ మూలకానికి ఏ రంగు, ఏ ఆమ్లంతో ఏ వాయువు, ఏ చర్యకు ఏ ఉత్ప్రేరకం అంటూ వందల ముక్కలు. పరీక్ష ముందు రాత్రి అవన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఈ బాధకు మందు అదే సిలబస్‌లో ఉంది, కానీ పిల్లలు దాన్ని మందుగా చూడరు. అది పాఠ్యపుస్తకంలో కాక ల్యాబ్ రికార్డులో ఉండటమే కారణం. అదే సాల్ట్ అనాలిసిస్, పుస్తకాల భాషలో చెప్పాలంటే లవణ గుణాత్మక విశ్లేషణ.

మన రెండు రాష్ట్రాల్లో చాలా ఏళ్లుగా నడిచిన పద్ధతిలో సెకండియర్ కెమిస్ట్రీ థియరీకి 60 మార్కులు, ప్రాక్టికల్స్‌కు 30. ఆ 30లో సాల్ట్‌ది పెద్ద వాటా. విద్యార్థి చేతికి కాగితంలో చిటికెడు పొడి ఇస్తారు. అందులో ఒక కాటయాన్ (ధన అయాన్), ఒక ఆనయాన్ (రుణ అయాన్) ఉంటాయి. అవేమిటో కనిపెట్టి, ఎలా కనిపెట్టిందీ రాయాలి. దీన్ని ఎక్కువమంది మంత్రంలా నేర్చుకుంటారు: 'ఓ.ఎస్. ప్లస్ డైల్యూట్ హెచ్‌సీఎల్, నో పీపీటీ, గ్రూప్ వన్ ఆబ్సెంట్.' అంటే మూల ద్రావణానికి విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే అవక్షేపం రాలేదు, కాబట్టి ఒకటో గ్రూపు లేదు. తర్వాతి వరస, ఆ తర్వాతి వరస అలాగే సాగుతాయి. మంత్రం తప్పకుండా చదివితే మార్కులు వస్తాయి కూడా. అయితే ఆ వరసలను ఎవరు ఆ క్రమంలో పేర్చారు, ఒకటి అటూ ఇటూ చేస్తే ఏమవుతుంది అని ఒక్కసారి ఆగి చూస్తే, రికార్డులో ఉన్నది మంత్రం కాదనీ చాలా జాగ్రత్తగా బిగించిన యంత్రమనీ తెలుస్తుంది.

ఆ పద్ధతికి పాఠ్యరూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ రెమీజియస్ ఫ్రెజీనియస్. గుణాత్మక విశ్లేషణ మీద ఆయన పుస్తకం 1841లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు, బాన్ నగరంలో విద్యార్థి. తర్వాత 1848లో వీస్‌బాడెన్‌లో సొంత ప్రయోగశాల పెట్టి, జీవితమంతా ఈ పనిమీదే గడిపాడు. విద్యార్థి రాసిన పుస్తకం కాబట్టే దానికి ఆ పొందిక వచ్చిందేమో అని నాకనిపిస్తుంది. తెలిసిన పరీక్షలన్నీ గుట్టగా పోయకుండా, ఏది ముందు ఏది తర్వాత అన్న ప్రశ్నకే ఆయన ప్రాముఖ్యం ఇచ్చాడు.

ముందు సమస్య ఏమిటో చూద్దాం. మన సిలబస్‌లో ఉన్న కాటయాన్లు 14: అమ్మోనియం, లెడ్, కాపర్, ఆర్సెనిక్, అల్యూమినియం, ఐరన్, కోబాల్ట్, నికెల్, మాంగనీస్, జింక్, బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం, మెగ్నీషియం. వీటిలో సగానికి పైగా నీళ్లలో రంగు లేకుండా ఉంటాయి. ద్రావణాన్ని చూసి లోపల ఎవరున్నారో చెప్పలేం. మన చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే: ఏదైనా కారకం కలిపితే కొన్ని అయాన్లు కరగని పదార్థంగా మారి కిందికి దిగుతాయి, అంటే అవక్షేపం వస్తుంది. కానీ విచక్షణ లేని కారకం వాడితే అందరూ ఒకేసారి దిగుతారు. కార్బొనేట్‌నే తీసుకోండి. లెడ్, కాపర్, జింక్, బేరియం, కాల్షియం అన్నీ దానితో అవక్షేపాలే ఇస్తాయి. మొదటే కార్బొనేట్ కలిపామా, ఏదో ఉందని తప్ప ఇంకేమీ తెలియదు.

ఇక్కడే వరస అవసరమైంది. ధాన్యాన్ని రకాలుగా వేరు చేసేటప్పుడు పెద్ద కన్నాల జల్లెడ ముందు, సన్న కన్నాల జల్లెడ తర్వాత పడతాం. సన్న జల్లెడ ముందు పడితే అన్నీ పైనే నిలిచిపోతాయి. అలాగే ఈ పద్ధతిలో అతి కొద్దిమందిని మాత్రమే పట్టే కారకం మొదట వస్తుంది, అందరినీ పట్టే కారకం చివరికి వస్తుంది. ఒక్కో మెట్టు దగ్గర దొరికినవాళ్లను వడపోతలో తీసేసి, మిగిలిన ద్రావణాన్ని కింది మెట్టుకు పంపుతారు. పరీక్షలో మన సాల్ట్‌లో ఒకే కాటయాన్ ఉంటుంది కాబట్టి వడపోత అవసరం పడదు. అందువల్లే చాలామంది పిల్లలకు వరస ఎందుకో అర్థం కాదు. పద్నాలుగూ కలిసిన ద్రావణాన్ని మనసులో పెట్టుకుని చదివితే ప్రతి మెట్టూ తన కారణం తానే చెబుతుంది.

ఈ మెట్లనే గ్రూపులు అంటారు. మొదట సున్నా గ్రూపు. అందులో అమ్మోనియం ఒక్కటే. దీన్ని మూల లవణంతోనే, ఇంకేమీ కలపకముందే పరీక్షించాలి. సోడియం హైడ్రాక్సైడ్ వేసి వేడి చేస్తే ఘాటైన అమ్మోనియా వస్తుంది. తడి ఎర్ర లిట్మస్ నీలంగా మారుతుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచిన గాజు కడ్డీ మూతి దగ్గర పెడితే దట్టమైన తెల్లటి పొగ. దీన్ని అన్నిటికంటే ముందు ఎందుకు పెట్టారు? ముందు ముందు మనమే అమ్మోనియం క్లోరైడ్, అమ్మోనియం హైడ్రాక్సైడ్, అమ్మోనియం కార్బొనేట్ కలపబోతున్నాం. అవి కలిపాక అమ్మోనియం కోసం వెతికితే దొరికేది మనం పోసిందే. ఇంత చిన్న జాగ్రత్తలోనే పద్ధతి రూపొందించినవాళ్ల బుర్ర కనిపిస్తుంది.

ఒకటో గ్రూపు కారకం విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సిలబస్‌లోని 14 మందిలో ఇక్కడ దిగేది లెడ్ ఒక్కటే, తెల్లటి లెడ్ క్లోరైడ్‌గా. కానీ అది పూర్తిగా దిగదు. లెడ్ క్లోరైడ్ చల్లటి నీళ్లలో కూడా కొంత కరుగుతుంది, వేడినీళ్లలో బాగా కరుగుతుంది. అందుకే మిగిలిన లెడ్ రెండో గ్రూపులో మళ్లీ కనిపిస్తుంది. రెండు గ్రూపుల్లోనూ లెడ్ పేరు చూసి అచ్చుతప్పు అనుకునేవాళ్లున్నారు. అచ్చుతప్పు కాదు, లెడ్ క్లోరైడ్ స్వభావమే అంత. ఆ బలహీనతనే నిర్ధారణ పరీక్షకు వాడుకోవడం చూడండి: అవక్షేపాన్ని వేడినీళ్లలో కరిగించి పొటాషియం అయొడైడ్ వేస్తే పసుప్పచ్చటి లెడ్ అయొడైడ్ దిగుతుంది. దాన్ని మళ్లీ వేడి చేసి కరిగించి నెమ్మదిగా చల్లారనిస్తే బంగారు రేకుల్లాంటి స్ఫటికాలు మిలమిలా మెరుస్తూ కిందికి రాలతాయి. ల్యాబ్‌లో ఇంతకంటే అందమైన దృశ్యం మరొకటి లేదని నా అభిప్రాయం.

రెండో గ్రూపు నుంచి అసలు పనితనం మొదలవుతుంది. కారకం హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు, అదీ విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం సమక్షంలో. నాలుగో గ్రూపు కారకమూ హైడ్రోజన్ సల్ఫైడే, కానీ అమ్మోనియం హైడ్రాక్సైడ్ సమక్షంలో. ఒకే వాయువు రెండు చోట్ల రెండు రకాల పని ఎలా చేస్తుంది? ఫస్టియర్ రసాయన సమతాస్థితి పాఠంలో చదివిన ద్రావణీయతా లబ్ధం ఇక్కడ పనికొస్తుంది. ద్రావణంలోని అయాన్ల గాఢతల లబ్ధం ఆ విలువను దాటితేనే అవక్షేపం వస్తుంది. పాఠ్యపుస్తకం పట్టికలో కాపర్ సల్ఫైడ్ విలువ 6.3 × 10⁻³⁶, జింక్ సల్ఫైడ్ విలువ 1.6 × 10⁻²⁴. రెంటి మధ్య తేడా సుమారు 25 వేల కోట్ల రెట్లు. అంటే కాపర్‌ను దించడానికి సల్ఫైడ్ అయాన్లు లేశమాత్రం చాలు. జింక్‌ను దించాలంటే అంతకు వేల కోట్ల రెట్లు కావాలి.

హైడ్రోజన్ సల్ఫైడ్ బలహీన ఆమ్లం. నీళ్లలో కొద్దిగానే విడిపోయి హైడ్రోజన్ అయాన్లను, సల్ఫైడ్ అయాన్లను ఇస్తుంది. ముందే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటే హైడ్రోజన్ అయాన్లు నిండుగా ఉంటాయి, సమతాస్థితి వెనక్కి జరుగుతుంది, సల్ఫైడ్ అయాన్లు లేశమాత్రమే మిగులుతాయి. ఇదే ఉమ్మడి అయాన్ ప్రభావం. ఆ లేశం లెడ్, కాపర్, ఆర్సెనిక్‌లకు సరిపోతుంది, జింక్, నికెల్ వర్గానికి చాలదు. తర్వాత నాలుగో గ్రూపులో అమ్మోనియం హైడ్రాక్సైడ్ ఆ హైడ్రోజన్ అయాన్లను పీల్చేస్తుంది, సల్ఫైడ్ అయాన్లు పెరుగుతాయి, మిగిలినవాళ్లూ దిగుతారు. కారకం మార్చకుండా దాని చుట్టూ ఉన్న పరిస్థితిని మార్చి దాని బలాన్ని తగ్గించడం, పెంచడం. ఈ ఒక్క ఆలోచన అర్థమైతే రెండు గ్రూపుల కారకాలను ఇక బట్టీ పట్టనక్కర్లేదు.

ఆ వాయువును తయారుచేసే పరికరం గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. దాని పేరు కిప్ పరికరం. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో మందుల తయారీదారైన పీటర్ యాకోబస్ కిప్ 1844 ప్రాంతంలో దీన్ని రూపొందించాడు. ఒకదాని మీద ఒకటిగా మూడు గాజు గోళాలు ఉంటాయి. పై గోళం నుంచి పొడవైన కాడ నడిమి గోళం గుండా అడుగు గోళం దాకా దిగుతుంది. నడిమి గోళంలో ఐరన్ సల్ఫైడ్ గడ్డలు ఉంటాయి, దాని పక్కన ఒక కుళాయి. పైనుంచి విలీన ఆమ్లం పోస్తే అది కాడ గుండా అడుగుకు చేరి, అక్కడ నిండి నడిమి గోళంలోకి ఎక్కి గడ్డలను తాకుతుంది. వాయువు పుట్టి కుళాయి గుండా బయటికి వస్తుంది. ఇప్పుడు కుళాయి కట్టేయండి. పుట్టిన వాయువుకు దారి లేక పీడనం పెరుగుతుంది, ఆ పీడనం ఆమ్లాన్ని కిందికి నెట్టి, కాడ గుండా మళ్లీ పై గోళంలోకి ఎక్కిస్తుంది. ఆమ్లం గడ్డలను వదిలేయగానే చర్య ఆగిపోతుంది. కుళాయి తిప్పితే మళ్లీ మొదలు. మీటలు లేవు, స్ప్రింగులు లేవు, కరెంటు లేదు. కావలసినప్పుడే వాయువు పుట్టాలి, అక్కర్లేనప్పుడు తనంతట తానే ఆగాలి అన్న నియమాన్ని గాజు ఆకారంలోనే పెట్టేశాడు. కిప్ పరికరం లేని చోట హైడ్రోజన్ సల్ఫైడ్ కరిగించిన నీళ్లతో సరిపెడతారు. పని జరుగుతుంది గానీ ఈ చోద్యం పిల్లలకు దక్కదు. ఒక హెచ్చరిక కూడా: ఇది విషవాయువు. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ కుళ్లిన కోడిగుడ్డు వాసనే తెలియకుండా పోతుంది. వాసన తగ్గింది కదా అని ధైర్యపడకూడదు.

మళ్లీ రెండో గ్రూపుకు వస్తే, నిర్ధారణ పరీక్షల్లో కాపర్ దర్జా వేరు. నల్లటి సల్ఫైడ్‌ను నత్రికామ్లంలో కరిగించి అమ్మోనియం హైడ్రాక్సైడ్ ఎక్కువగా పోస్తే ముదురు నీలం వస్తుంది. నాలుగు అమ్మోనియా అణువులు కాపర్ చుట్టూ చేరి కట్టిన సంక్లిష్ట అయాన్ రంగు అది. సమన్వయ సమ్మేళనాల పాఠంలో లైగాండ్ అంటే ఏమిటని తల పట్టుకునే విద్యార్థికి ఆ పరీక్షనాళిక చూపిస్తే చాలు.

మూడో గ్రూపు మెట్టు అన్నిటికంటే నాజూకైనది. ముందు అమ్మోనియం క్లోరైడ్, ఆ తర్వాతే అమ్మోనియం హైడ్రాక్సైడ్. ఈ క్రమం తిరగేసి రాస్తే మార్కు పోతుందని లెక్చరర్లు హెచ్చరిస్తారు. ఎందుకు పోతుందో అంకెలతో చూద్దాం. లీటరుకు 0.1 మోల్ అమ్మోనియా ఒక్కటే ఉంటే హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢత దాదాపు 1.3 × 10⁻³. అందులో లీటరుకు ఒక మోల్ చొప్పున అమ్మోనియం క్లోరైడ్ కలిపితే ఆ గాఢత 1.8 × 10⁻⁶కు పడిపోతుంది, అంటే 700 రెట్లకు పైగా తగ్గింది. ఇప్పుడు ద్రావణంలో మెగ్నీషియం 0.1 మోలార్ ఉందనుకోండి. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ద్రావణీయతా లబ్ధం 1.8 × 10⁻¹¹. అమ్మోనియం క్లోరైడ్ లేకపోతే అయాన్ల లబ్ధం దాదాపు 1.8 × 10⁻⁷, హద్దుకు పదివేల రెట్లు ఎక్కువ. ఆరో గ్రూపులో కనిపించాల్సిన మెగ్నీషియం మూడో గ్రూపులోనే దిగి కూర్చుంటుంది. క్లోరైడ్ ఉంటే ఆ లబ్ధం 3.2 × 10⁻¹³, కావలసినదానిలో యాభయ్యో వంతు కూడా లేదు. మెగ్నీషియం కదలదు. ఐరన్ సంగతి? ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ విలువ 10⁻³⁸. హైడ్రాక్సైడ్ అయాన్లు అంత తగ్గినా అది దిగకుండా ఉండలేదు. కాగితం మీద ఐదు నిమిషాల ఈ లెక్క ఒక్కసారి చేసినవాళ్లు క్రమాన్ని మర్చిపోవడం నేను చూడలేదు.

ఈ మెట్టులో మరో చిన్న అడుగు ఉంది, చాలా రికార్డుల్లో ఒక వాక్యంగా మిగిలిపోతుంది: ద్రావణాన్ని మరిగించి, రెండు మూడు చుక్కల గాఢ నత్రికామ్లం వేయాలి. మరిగించడం మిగిలిపోయిన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వెళ్లగొట్టడానికి. లేకపోతే అమ్మోనియం హైడ్రాక్సైడ్ పడగానే నాలుగో గ్రూపువాళ్లు ఇక్కడే దిగిపోతారు. నత్రికామ్లం ఫెర్రస్‌ను ఫెర్రిక్‌గా మార్చడానికి. ఫెర్రస్ హైడ్రాక్సైడ్ ఇంత తక్కువ హైడ్రాక్సైడ్‌తో పూర్తిగా దిగదు, ఫెర్రిక్ దిగుతుంది. అల్యూమినియం జిగురులాంటి తెల్లటి అవక్షేపంగా, ఐరన్ ఎర్రటి గోధుమరంగు అవక్షేపంగా కనిపిస్తాయి. అల్యూమినియం నిర్ధారణకు నీలి లిట్మస్‌తో చేసే లేక్ పరీక్షలో రంగంతా హైడ్రాక్సైడ్ జిగురుకు అంటుకుని, రంగులేని ద్రావణంలో నీలి తెరలా తేలుతుంది.

నాలుగో గ్రూపులో కోబాల్ట్, నికెల్ నలుపు, మాంగనీస్ చర్మఛాయ, జింక్ తెలుపు. సల్ఫైడ్లలో తెల్లగా ఉండేది దాదాపు జింక్ ఒక్కటే కాబట్టి దాన్ని గుర్తుపెట్టుకోవడం తేలిక. నికెల్‌కు డైమిథైల్ గ్లైఆక్సిమ్ పరీక్ష ఉంది. రష్యన్ రసాయన శాస్త్రవేత్త లెవ్ చుగాయెవ్ 1905లో కనిపెట్టాడు. గులాబీ ఎరుపు అవక్షేపం ఎంత స్పష్టంగా వస్తుందంటే ఇక వాదనకు తావుండదు. జింక్ విషయంలో పొడి లవణం వేడి చేసే ప్రాథమిక పరీక్షే సగం రహస్యం విప్పేస్తుంది. కొన్ని జింక్ లవణాలు వేడి మీద పసుపుగా, చల్లారాక తెల్లగా మారే అవశేషాన్ని వదులుతాయి. అది జింక్ ఆక్సైడ్. వేడికి కొంత ఆక్సిజన్ పోయి, స్ఫటికంలో ఎలక్ట్రాన్లు మిగిలి ఆ పసుపు వస్తుంది. ఘనస్థితి పాఠంలో లోహం ఎక్కువైన లోపం అని చదివేది దీన్నే.

ఐదో గ్రూపు మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. కారకం అమ్మోనియం కార్బొనేట్, అమ్మోనియం క్లోరైడ్, అమ్మోనియం హైడ్రాక్సైడ్‌ల సమక్షంలో. ఇక్కడా అమ్మోనియం అయాన్లు కార్బొనేట్ గాఢతను అదుపులో పెట్టి మెగ్నీషియాన్ని తప్పిస్తాయి. బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం మూడూ తెల్లగా దిగుతాయి. మూడూ ఆవర్తన పట్టికలో ఒకే గ్రూపువాళ్లు, అచ్చం అన్నదమ్ముల పోలిక. వీళ్లను విడదీయడానికి అవక్షేపాన్ని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి మూడు కారకాలు వరసగా వాడతారు. ముందు పొటాషియం క్రోమేట్: పసుపు వస్తే బేరియం. రాకపోతే అమ్మోనియం సల్ఫేట్: తెలుపు వస్తే స్ట్రాన్షియం. అదీ రాకపోతే అమ్మోనియం ఆక్సలేట్: తెలుపు వస్తే కాల్షియం. ఆక్సలేట్ ముగ్గురినీ పట్టగలదు, సల్ఫేట్ బేరియాన్నీ స్ట్రాన్షియాన్నీ పట్టగలదు, క్రోమేట్ ఈ పరిస్థితిలో బేరియాన్నే పడుతుంది. మొత్తం పద్ధతికి ఆధారమైన సూత్రమే ఈ చిన్న గదిలో మళ్లీ కనిపిస్తుంది. మరి ఎసిటిక్ ఆమ్లమే ఎందుకు? అది ఇచ్చే కొద్దిపాటి ఆమ్లత్వం కొంత క్రోమేట్‌ను డైక్రోమేట్‌గా మార్చి, మిగిలిన క్రోమేట్‌ను స్ట్రాన్షియానికి చాలనంతగా తగ్గిస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే క్రోమేట్ మరీ తగ్గి బేరియం కూడా దిగదు. అటు ఎక్కువ కాకుండా ఇటు తక్కువ కాకుండా, ఆ పనికి కావలసినంతే బలమున్న ఆమ్లాన్ని ఏరుకున్నారు. చివర్లో జ్వాలా పరీక్ష: బేరియం ఆపిల్ ఆకుపచ్చ, స్ట్రాన్షియం నెత్తురు ఎరుపు, కాల్షియం ఇటుక ఎరుపు. లవణాన్ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ముద్ద చేసేది క్లోరైడ్లు మంటలో తేలిగ్గా ఆవిరవుతాయని.

ఆరో గ్రూపులో మెగ్నీషియం ఒంటరి. ఇన్ని మెట్లలో దాన్ని దిగనివ్వకుండా కాపాడుకుంటూ వచ్చింది ఇక్కడ సోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్‌తో దించడానికే. అవక్షేపం రావడానికి బద్ధకిస్తే పరీక్షనాళిక లోపలి గోడను గాజు కడ్డీతో గీకితే స్ఫటికాలు మొదలవుతాయి.

ఒక పొరపాటు చాలామందిలో చూస్తాం. ఈ గ్రూపులను ఆవర్తన పట్టిక గ్రూపులతో కలిపేస్తారు. అక్కడ లెడ్ పద్నాలుగో గ్రూపు, ఇక్కడ ఒకటి. అక్కడ మెగ్నీషియం కాల్షియంతో కలిసి రెండో గ్రూపులో ఉంటుంది, ఇక్కడ దాని ఇల్లే వేరు. అది ఎలక్ట్రాన్ల అమరికను బట్టి కట్టిన పట్టిక, ఇది కరగడం, కరగకపోవడాన్ని బట్టి కట్టిన వరస.

ఆనయాన్ల వైపు వరస చిన్నది, తర్కం అంతే గట్టిది. బలమైన ఆమ్లం బలహీనమైన ఆమ్లాన్ని దాని లవణం నుంచి వెళ్లగొడుతుంది. అందుకే విలీన ఆమ్లంతో కార్బొనేట్ బుసబుసమంటూ కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది, సున్నపు తేట పాలలా మారుతుంది. ఎసిటేట్ వెనిగర్ వాసన ఇస్తుంది. క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్, నైట్రేట్‌ల ఆమ్లాలు బలమైనవే కాబట్టి విలీన ఆమ్లానికి లొంగవు. కానీ అవి తేలిగ్గా ఆవిరయ్యేవి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఆవిరి కావడానికి మొండికేసేది. దానితో వేడి చేస్తే అవి వాయువులుగా బయటపడతాయి. సల్ఫేట్, ఫాస్ఫేట్ రెంటికీ లొంగవు, వాటికి ద్రావణంలో విడి పరీక్షలున్నాయి.

సోడియం కార్బొనేట్ సారం, అంటే మన పిల్లలు సోడా ఎక్స్‌ట్రాక్ట్ అనేది, ఈ వైపున్న తెలివైన ఏర్పాటు. లవణాన్ని సోడియం కార్బొనేట్‌తో మరిగిస్తే లోహం కార్బొనేట్‌గా కింద ఉండిపోతుంది, ఆనయాన్ సోడియంతో కలిసి ద్రావణంలోకి వస్తుంది. పరీక్షకు అడ్డం వచ్చే లోహం తప్పుకుంది. కానీ ఇప్పుడు కార్బొనేట్ ఎక్కువగా ఉంది, సిల్వర్ నైట్రేట్ వేస్తే సిల్వర్ కార్బొనేటే తెల్లగా దిగి మోసం చేస్తుంది. అందుకే పొంగు ఆగేదాకా ఆమ్లం పోయాలి. ఏ ఆమ్లం? క్లోరైడ్ కోసం వెతికేచోట హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయకూడదు, సల్ఫేట్ కోసం వెతికేచోట సల్ఫ్యూరిక్ ఆమ్లం పోయకూడదు. సిల్వర్ పరీక్షకు నత్రికామ్లమే ఎందుకో ఇలా తేలిపోతుంది. సున్నా గ్రూపు దగ్గర చూసిన జాగ్రత్తే ఇది: వెతికే వస్తువును మన చేత్తో మనమే వేయకూడదు.

సిల్వర్ హాలైడ్లలో అమ్మోనియా చేసే పని కూడా అంకెల్లో ఉంది. సిల్వర్ క్లోరైడ్ విలువ 1.8 × 10⁻¹⁰, బ్రోమైడ్ 5 × 10⁻¹³, అయొడైడ్ 8.3 × 10⁻¹⁷. మొదటిది అమ్మోనియాలో కరుగుతుంది, రెండోది పాక్షికంగా, మూడోది కరగదు. నైట్రేట్‌కు గోధుమ వలయ పరీక్ష ఉంది. దాని అందం మొత్తం ఆమ్లం పోసే తీరులో ఉంది. అప్పుడే చేసిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం కలిపి, పరీక్షనాళికను వంచి, గోడ వెంట గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నెమ్మదిగా జార్చాలి. దాని సాంద్రత నీటికంటే 1.84 రెట్లు, అది అడుగుకు జారి విడి పొరగా నిలుస్తుంది. రెండు పొరలు కలిసేచోట ఫెర్రస్ నైట్రేట్‌ను నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుస్తుంది, ఆ వాయువు మిగిలిన ఫెర్రస్‌తో కలిసి గోధుమరంగు వలయం కడుతుంది. పాత ఫెర్రస్ సల్ఫేట్ అయితే గాలికే ఫెర్రిక్‌గా మారిపోయి ఉంటుంది. నాళికను ఊపితే వేడికి సంక్లిష్టం విడిపోతుంది. అందుకే తాజా ద్రావణం, అందుకే కదపని చెయ్యి.

ఇక చదువు సంగతి. పై కథలో ఎన్ని పాఠాలు వచ్చాయో చూడండి: సమతాస్థితి, ఆమ్ల క్షారాలు, ఎస్-బ్లాకు, పి-బ్లాకులో హాలోజన్లు, నైట్రోజన్ సమ్మేళనాలు, డి-బ్లాకులో క్రోమేట్లు, సమన్వయ సమ్మేళనాలు, ఘనస్థితి. రెండేళ్ల ఇనార్గానిక్‌కు సాల్ట్ కాగితం విషయసూచిక లాంటిది. అందుకని నా సలహా: పాఠాల వరసలో కాక ఈ కాగితం నుంచి చదువు మొదలుపెట్టండి. ఒక తెల్లకాగితం మీద సున్నా నుంచి ఆరు దాకా గ్రూపులు, కారకాలు చూడకుండా రాయండి. పక్కన ఇంకో గడి గీసి, ఈ కారకం ఇక్కడే ఎందుకు అన్న ప్రశ్నకు ఒక వాక్యంలో జవాబు రాయండి. జవాబు రాని గడి దగ్గరే పాఠ్యపుస్తకం తెరవండి. అవసరం పుట్టాక చదివిన పేజీ నిలుస్తుంది.

పరిశ్రమల పద్ధతులకూ ఇదే చూపు పనికొస్తుంది. హేబర్ అమ్మోనియా పద్ధతి, స్పర్శా పద్ధతిలో సల్ఫర్ ట్రయాక్సైడ్ తయారీ, రెండూ వేడిని విడుదల చేసే ద్విగత చర్యలు, రెంటిలోనూ వాయువుల మోల్స్ తగ్గుతాయి. అంటే తక్కువ ఉష్ణోగ్రత, ఎక్కువ పీడనం మంచిది. కానీ ఉష్ణోగ్రత మరీ తగ్గితే చర్య నత్తనడక నడుస్తుంది, అందుకే ఉత్ప్రేరకంతో రాజీ. హేబర్‌కు ఐరన్, 700 కెల్విన్ ప్రాంతం, 200 అట్మాస్ఫియర్లు. స్పర్శా పద్ధతికి వనేడియం పెంటాక్సైడ్, 720 కెల్విన్, పీడనం రెండు బార్లే. అక్కడ 200, ఇక్కడ రెండెందుకు అని అడిగితే, ఇక్కడ అంత తక్కువ పీడనానికే దిగుబడి బాగుంటుందన్నది జవాబు. ఎనిమిది మార్కుల జవాబుకు ఎముకలు ఇవే.

బట్టీ అసలు అక్కర్లేదని నేననను. రంగులు గుర్తుండాలి, నిర్ధారణ కారకాల పేర్లు గుర్తుండాలి, ఉత్ప్రేరకాలు గుర్తుండాలి. వాటికి కారణాలు ఇంటర్ స్థాయిలో పూర్తిగా చెప్పలేం. కానీ కారణం ఉన్నవన్నీ పక్కకు తీసేశాక మిగిలే పట్టిక ఒక పేజీకి మించదు. ఆ ఒక్క పేజీని రోజుకోసారి చూసుకుంటే పరీక్షకు సరిపోతుంది.

లెక్చరర్లకు ఒక విన్నపం. ప్రాక్టికల్స్ సాధారణంగా ఫిబ్రవరి ప్రాంతంలో ఉంటాయి కాబట్టి చాలా కాలేజీల్లో ల్యాబ్ తలుపు ఆ ముందు కొద్ది వారాలకే తెరుచుకుంటుంది. సాల్ట్ అనాలిసిస్‌ను ఏడాది మొదట్లోనే చేయించండి. ఒక కాటయాన్ ఉన్న లవణంతో పాటు, ఒక్కసారైనా కాపర్, జింక్, మెగ్నీషియం కలిపిన ద్రావణాన్ని పిల్లల చేతికిచ్చి వడపోయించండి. నల్లటి సల్ఫైడ్ వడపోత కాగితం మీద ఆగి, కింద రంగులేని ద్రావణం దిగడం కళ్లారా చూసిన పిల్లలకు వరస ఎందుకో మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.